మడి కట్టుకున్న మిషను

“చూస్తూ ఉండండి, దీంట్లో ఎవరిదో ఒకళ్ళది వేలు తెగిపడుద్ది. తెగిన వేలు పచ్చట్లో కలిసిపోద్ది. ఆ సంగతి తెలీక మనమే దాన్ని అన్నంలో కలుపుకుని తింటాం,” అంది అమలమ్మ.

అప్పటికి మిషను అట్టపెట్టెలోంచి బయటికే రాలేదు. ఆమె మొగుడు బాలశౌరి పెట్టెని రిక్షాలోంచి దింపుకుని, మేడమెట్లు సగం ఎక్కి, రొప్పుతూ ఆగాడంతే. పెట్టె మీద బొమ్మలో తెల్లటి అమ్మాయి ఒకతె చేత్తో క్యారెట్టు పట్టుకుని నవ్వుతోంది. అమలమ్మ ముందు ఆ అమ్మాయి వేళ్ళు లెక్కపెట్టింది. ఐదూ ఉన్నాయి.

“మిషను కొనకముందు తీసిన ఫొటో అయ్యుంటది,” అంది.

అమలమ్మ తీరే అంత. సీలింగు ఫాను కింద మంచం వెయ్యనివ్వదు. గ్యాసు కట్టానా లేదా అని రోజుకి ఆరుసార్లు చూస్తుంది, ఏడోసారి కూతురు జెస్సికాని పంపుతుంది. మొగుడు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో గుమాస్తా. కాగితాలు తప్ప ఇంకేదీ ముట్టుకోని ఉద్యోగం. అయినా రోజూ సాయంత్రం బస్సు దిగి వచ్చేదాకా ఆయనకి కరెంటు షాకు కొట్టే ఉంటుందని ఆమె నమ్మకం. ఇంతవరకు ఆమె భయపడ్డవేవీ జరగలేదు. ‘నేను భయపడబట్టే జరగలేదు’ అనేది ఆమె వాదన. దానికి తిరుగు లేదు కాబట్టి ఇంట్లో ఎవరూ తిరుగు చెప్పరు.

తొంభై ఏడు నవంబరు అది. గవర్నర్‌పేటలో ఒక షాపువాడు ఈ ఫుడ్ ప్రాసెసర్‌ని బల్ల మీద పెట్టి, కళ్ళు మూసి తెరిచేలోగా కిలో క్యారెట్టు తురిమి చూపించాడట. బాలశౌరి ఆ తురుము చూసి ఆగలేకపోయాడు. క్యారెట్టు వాళ్ళింట్లో ఏడాదికోసారి కూడా వండరు. అయితేనేం, ఆఫీసులో సూపర్నెంటు గారింట్లో ఉంది, మనింట్లో లేదు.

మిషనుతో పాటు పదకొండు సామాన్లొచ్చాయి. ముక్కలు కోసే రేకు, తురిమే రేకు, పిండి కలిపే కొక్కెం, రసం పిండే బుడిపె, ఇంకా దేనికో తెలియనివి ఆరు, రుబ్బుకోవడానికి మూతతో ఒక స్టీలు జారు. ఒక పుస్తకం కూడా వచ్చింది. అందులో ఇంగ్లీషుంది, హిందీ ఉంది. మైలవరంలో ఏడో క్లాసుతో ఆగిపోయిన అమలమ్మ చదవగలిగే భాష ఒక్కటే అందులో లేదు.

“మూత సరిగ్గా బిగిస్తేనే తిరుగుద్దంటమ్మా. మూత తీస్తే దానంతటదే ఆగిపోద్ది. వేలు తెగే ఛాన్సే లేదు,” అని చదివి చెప్పింది జెస్సికా.

“అమ్ముకునేవాడు తెగుద్దని రాస్తాడా?” అంది అమలమ్మ.

మొదటిరోజు ఆమె ఆ మిషను దగ్గరికి వెళ్ళిన తీరు చూడాలి. కాళ్ళకి రబ్బరు చెప్పులు. చెప్పుల కింద చెక్కపీట. గోడ స్విచ్చి దగ్గర జెస్సికా, ‘ఆపు’ అంటే ఆపడానికి సిద్ధంగా. సిలువ గుర్తు వేసుకుని, గుణదల మాతని తల్చుకుని, కొంగు నడుముకి దోపి, గరిటె కాడతో మీట తిప్పింది. గుర్రుమని రెండు క్షణాలు. అరకేజీ క్యాబేజీ దూదిలా అయిపోయింది. అన్నం దగ్గర బాలశౌరి ఆ కూరని వేలితో అటూ ఇటూ కదిపి, “ఇది క్యాబేజీయా, కొబ్బరా?” అని అడిగాడు. ఆ తర్వాత మిషను మీద అమలమ్మ పాత దుప్పటి ముక్క కప్పింది. కుట్టుమిషను మీద కప్పినట్టు కాదు, పోయిన మనిషి మీద కప్పినట్టు.

అది అలాగే ఉండిపోవాల్సిందే. కానీ ఆ ఇంట్లో దానికొక పని పడింది. ఆ పని పుస్తకంలో ఇంగ్లీషులోనూ లేదు, హిందీలోనూ లేదు.

ఆ పనేంటో చెప్పాలంటే ముందు ఇంటి సంగతి చెప్పాలి. సత్యనారాయణపురంలో ఈ మేడ మీద వాటా దొరక్కముందు వాళ్ళు ఏడిళ్ళు చూశారు. ఏడిళ్ళలోనూ ఓనర్లు గాలి గురించి, కుళాయి గురించి, వీధి మంచితనం గురించి గంటసేపు చెప్పి, చివర్లో పేరు అడిగారు. బాలశౌరి పేరు చెప్పాడు. “అయ్యో, మా తమ్ముడు వస్తానంటున్నాడండీ,” అన్నారు. బెజవాడలో సొంతిల్లు ఉన్న ప్రతివాడికీ ఒక తమ్ముడుంటాడు. ఆ తమ్ముళ్ళెవరూ ఇంకా దిగలేదు. ఆ ఇళ్ళకి టులెట్ బోర్డులు అలాగే వేలాడుతున్నాయి.

ఎనిమిదో ఇల్లు గంగాప్రసాద్ గారిది. ఆయన భార్య ఛాయాదేవి మాత్రం పేరు వినగానే తమ్ముణ్ణి తేలేదు. “మేం అలాంటివి పట్టించుకోమండీ. మనుషులంతా ఒకటే,” అంది. పట్టించుకోనివన్నీ ఒక్కొక్కటే చెప్పింది. ఇంట్లోకి నీచు రాకూడదు. క్రిస్మస్ నక్షత్రం కట్టుకోవచ్చు, గది లోపల. వీధిలో వాళ్ళ కోసం ఆయన్ని బాలూగారు అని పిలుస్తారు, ఏమీ అనుకోకూడదు. నూతి దగ్గరికి వాళ్ళు రానక్కర్లేదు, మేడ మీదకి కుళాయి ఉంది. “వేరే ఏమీ లేదు,” అంది చివర్లో, ఇంకేం మిగిలిందో అమలమ్మకి తోచలేదు.

“నీచా? మేం మానేసి పదేళ్ళయిందండీ,” అన్నాడు బాలశౌరి. ఆ పొద్దున తిన్న కొరమీను పులుసు ఇంకా అరగలేదు. అది మొదలు అమలమ్మ ప్రతినెలా మొదటి శుక్రవారం గుడిలో పాపసంకీర్తనంలో ఆ అబద్ధాన్నే చెప్పుకుంటోంది. ‘మీ ఆయన పాపం మీ ఆయన చెప్పుకోవాలమ్మా’ అని గురువులు రెండుసార్లు చెప్పిచూశారు. ఆయన చెప్పుకోడు కదా, దేవుడు లెక్కలు చూసేనాడు ఇంటికంతటికీ కలిపి వేస్తాడు కదా అని ఆమె భయం.

ఈ ఇల్లు పోతే తొమ్మిదో ఇల్లు లేదు. సిస్టర్ల బడి ఇక్కడికి నడిచి వెళ్ళేంత దూరం. జెస్సికా పదో క్లాసులోకి వచ్చింది. థర్మల్ స్టేషన్ క్వార్టరు ‘వస్తుంది, వస్తుంది’ అంటున్నారు, తమ్ముళ్ళు వస్తున్నట్టే. మధ్యలో ఈ గూడు చెదిరితే పిల్ల పరీక్ష తప్పుద్ది, పరీక్ష తప్పితే చదువు ఆగుద్ది, చదువు ఆగితే ఆ తర్వాత అమలమ్మ ఊహకి అడ్డూ ఆపూ ఉండదు.

కానీ నాలుక మాట వినదు. చేపలు కుదరవు, వండితే వీధి వీధంతా తెలుస్తుంది. మిగిలింది ఎండు రొయ్యపొట్టు. ఇబ్రహీంపట్నంలోనే కాపురముంటున్న అమలమ్మ అక్క శౌరమ్మ దాన్ని తన ఇంట్లోనే వేయించి, పొట్లం కట్టి, మరిది క్యారియరు అడుగు గిన్నెలో పెట్టి పంపేది. వాసన గొడవ అక్కడే తీరిపోయింది. మిగిలింది ఆకారం గొడవ. రొయ్య ఎంత చిన్నదైనా దానికి రెండు కళ్ళుంటాయి, మీసాలుంటాయి. ఛాయాదేవి తలుపు కొట్టకుండా వచ్చే మనిషి. ‘మా ఇల్లే కదా’ అనుకుంటూ వంటింట్లోకొచ్చి, గిన్నెల మీద మూతలు తీసి, ‘ఏం కూర అమలగారూ’ అంటుంది. మీసాలున్న కూరకి ఏం పేరు చెప్పాలి?

అక్కడ పనికొచ్చింది మిషను. రొయ్యపొట్టు, ఎండుమిరపకాయలు, నాలుగు వెల్లుల్లి రేకలు స్టీలు జార్లో వేసి మూడుసార్లు గుర్రుమనిపిస్తే కళ్ళూ లేవు, మీసాలూ లేవు. ఎర్రటి పొడి. హార్లిక్స్ సీసాలో పోసి, మూత బిగించి, పైన కాగితం అంటించి, జెస్సికా చేత ‘కందిపొడి’ అని రాయించింది. కింద వాళ్ళు టీవీ సీరియల్ పెట్టే టైము చూసి మిషను తిప్పేది. తినేటప్పుడు కిటికీలు మూసి ఊదొత్తులు వెలిగించేవాళ్ళు. బయట విన్నవాళ్ళకి ఆ ఇంట్లో రోజుకి మూడుపూటలా ప్రార్థన జరుగుతున్నట్టుండేది.

“ఎంత భక్తండీ మీకు,” అంది ఛాయాదేవి ఒకసారి.

ఆ మాటకి బాలశౌరి చేతులు జోడించాడు. ఆ చేతులకి ఇంకా పొడి అంటుకునే ఉంది.

ఇలా ఎనిమిది నెలలు గడిచాయి. వేలు తెగలేదు. షాకు కొట్టలేదు. అమలమ్మ చెక్కపీట మానేసింది. చెప్పులు మాత్రం మానలేదు.

ఆషాఢంలో గంగాప్రసాద్ గారి నాన్నగారి తద్దినం వచ్చింది. ఆ ఇంట్లో తద్దినమంటే దుఃఖం కాదు, పరీక్ష. పరీక్ష రాసేది ఛాయాదేవి, దిద్దేది కాకి. మేడ మీద పిట్టగోడకి విస్తరి పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టకూడదు. పెద్దాయన పోయి తొమ్మిదేళ్ళు. తొమ్మిదేళ్ళూ కాకి వేళకి రాలేదు. ఒక ఏడు మధ్యాహ్నం మూడింటికి, ఒక ఏడు నాలుగింటికి, ఒక ఏడు అసలు రానే రాక ఆవుకి పెట్టారు. గుడివాడ నుంచి వచ్చే ఆడబిడ్డ తిరుమల ప్రతి ఏడూ పిట్టగోడ దగ్గర నిలబడి, కడుపు పట్టుకుని, ఆకాశానికి చెప్పినట్టు చెప్పేది: “నాన్నకి మనసు రావట్లేదు. పెట్టే చేతిలో ఏదో లోపముంది. ఎవరి చెయ్యో నేను చెప్పను.” ఆ ఇంట్లో పెట్టే చెయ్యి ఒక్కటే ఉంది.

తద్దినం ముందురోజు సాయంత్రం ఛాయాదేవి మేడ మీదకొచ్చింది. మొహం వాడిపోయి ఉంది.

“మా గ్రైండరు కాలిపోయిందండీ. మోటారు చుట్టించాలంటే రెండ్రోజులంటున్నాడు. మడివంట చేసే సంపూర్ణమ్మకి మోచెయ్యి లేవట్లేదు, రోట్లో రుబ్బలేనంటోంది. గారెలు లేకుండా తద్దినమేంటి? మీ మిషను ఒక్క పూట ఇస్తారా?”

అమలమ్మ ఆ మధ్యాహ్నమే పదిహేను రోజులకి సరిపడా ‘కందిపొడి’ కొట్టింది.

“మాదండీ, అంటు కదండీ. మేం వాడింది. మీరేమో మడి,” అంది, ఆ మాటలో అంత ఆశ పెట్టుకుని ఆమె ఎప్పుడూ ఏ మాటా అనలేదు.

“అవన్నీ పాత రోజులు,” అంది ఛాయాదేవి. “కరెంటుకి మైల లేదు. అది తీగల్లో వస్తుంది, ఎవరూ ముట్టుకోరు. స్టీలుకి అంటు లేదు. ప్లాస్టిక్కు సంగతి మా ఆడబిడ్డే చెప్పింది, దానికసలు ఏదీ తగలదంట. పసుపునీళ్ళు చల్లుకుంటే చాలు.”

ఎనిమిది నెలల్లో ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా పుచ్చుకోని మనిషి. దాహమేస్తే కిందికి దిగి తాగి మళ్ళీ పైకొచ్చి మాట్లాడే మనిషి. ఆమె శాస్త్రంలో మిషనుకి మాత్రం ఇంత విశాలమైన గుమ్మం ఉందని అమలమ్మకి తెలీదు.

“కాదంటే ఏమనుకుంటది?” అంది అమలమ్మ, ఛాయాదేవి వెళ్ళగానే బాలశౌరితో. “ఇస్తే ఏమవుద్ది? వాసనొచ్చిందంటే? రేపే సామాన్లు రోడ్డు మీద పడతాయండీ. మిషను పాడైందని చెప్పండి మీరు.”

“మధ్యాహ్నం అది తిరిగిన మోత కిందకి వినపళ్ళేదనుకున్నావా? కడిగెయ్యి. కడిగితే పోనిదేముంది?” అన్నాడు బాలశౌరి. ఆయన జీవితంలో ఎన్నడూ ఏదీ కడిగి ఎరగడు.

అమలమ్మ కడిగింది. చింతపండుతో ఒకసారి, బూడిదతో ఒకసారి, సెనగపిండితో ఒకసారి, నిమ్మచెక్కతో ఒకసారి. జారు లోపల మెరుస్తున్న బ్లేడుకి పాత టూత్‌బ్రష్ వేసి, వేళ్ళు ఎక్కడున్నాయో ప్రతిసారీ చూసుకుంటూ తోమింది. జెస్సికా ముక్కు జార్లో పెట్టించి, “ఏమన్నా వస్తందా?” అని తొమ్మిదిసార్లు అడిగింది.

“నిమ్మకాయ సబ్బు వాసనొస్తందమ్మా. వదిలెయ్యవే,” అంది జెస్సికా.

తెల్లారి ఆరింటికి తడిబట్టతో ఛాయాదేవి మెట్ల కింద నిలబడింది. పైకి రాలేదు. “మూడో మెట్టు మీద పెట్టి, పైకి వెళ్ళిపోండి,” అంది. అమలమ్మ బిడ్డని దింపినట్టు దింపి వెనక్కి నడిచింది. ఛాయాదేవి చెంబులోంచి పసుపునీళ్ళు తీసి మిషను మీద చల్లబోయింది.

“అమ్మో, మోటారు మీద వద్దండీ! షాకు కొడుద్ది!”

ఛాయాదేవి ఆలోచించి మోటారుకి దండం పెట్టి, జారు మీద మాత్రం చల్లింది. మిషను మడిలోకి వెళ్ళిపోయింది.

అది వెళ్ళాక అమలమ్మకి కాలు నిలవలేదు. కుక్కర్ పెట్టింది, దించింది. ఏదో మర్చిపోయానని లోపల పురుగు తొలుస్తోంది. చివరికి అట్టపెట్టెలోంచి పుస్తకం తీసింది.

“జెస్సీ, కడగడం గురించి ఇందులో ఏం రాశాడో చదువమ్మా.”

జడ వేసుకుంటున్న జెస్సికా నోట్లో రిబ్బను పెట్టుకునే చదివింది. “జారు వెంటనే కడగాలి... బ్లేడు జాగ్రత్త... మూత లోపల ఉన్న రబ్బరు రింగుని వాడిన ప్రతిసారీ ఊడదీసి...” రిబ్బను నోట్లోంచి జారిపోయింది. “...ఊడదీసి కడగాలి. లేకపోతే వాసన నిలవుంటుంది.”

“ఊడుద్దా అది?” అంది అమలమ్మ.

ఎనిమిది నెలలు. నెలకి రెండుసార్లు. ఆ రింగు కింది సందులో ఎన్ని రొయ్యల కళ్ళు, ఎన్ని మీసాలు దాక్కుని ఉన్నాయో! కిందినుంచి గుర్రుమని మోత వినిపించింది. మినప్పప్పు నలుగుతోంది. బాలశౌరి పరిస్థితి విని ఆఫీసుకి లేటవుతోందని చెప్పి, రోజూ పట్టే బస్సు కంటే రెండు బస్సులు ముందుది పట్టుకున్నాడు.

అమలమ్మ మెట్లు దిగింది. ఏమైతే అది కానీ, చెప్పేస్తాను, ఆ పిండి పారబోయించేస్తాను అనుకుంది. చివరి మెట్టు దగ్గరికొచ్చేసరికి వంటింటి లోంచి ఛాయాదేవి కేక.

“అమలగారూ! అక్కడే ఆగండి! మడి!”

“ఒక్క మాటండీ. ఆ మూత...”

“తర్వాత తర్వాత! మీ మాట గాలి కూడా ఇటు తగలకూడదు ఇప్పుడు. పైకి వెళ్ళి తలుపు దగ్గరికేసుకోండి. పన్నెండింటికి మావాళ్ళు విస్తరి పట్టుకుని డాబా మీదకొస్తారు. మీరు ఎదురుపడకండి.”

నిజం చెప్పడానికొచ్చిన మనిషిని మడి నాలుగడుగుల దూరాన ఆపేసింది. లోపల మినప్పిండి జార్లో ఇంకో వాయి తిరుగుతోంది. అమలమ్మ పైకెక్కి తలుపు వేసుకుని, జపమాల పట్టుకుని, కిటికీ రెక్క సందులోంచి పిట్టగోడ వైపు చూస్తూ కూర్చుంది. మంగళవార్త జపాలు వరస తప్పుతున్నాయి. మధ్యమధ్య సామాన్లు ఎలా సర్దాలో అనుకుంటోంది: బీరువా ముందా, మంచాలు ముందా?

కింద భోక్తలు తింటున్నట్టు తెలుస్తూనే ఉంది. “ఇంకో రెండు వడ్డించండి,” అనే మాట పైకి మూడుసార్లు వినపడింది. మామూలుగా భోక్తలు మొహమాటానికి వద్దంటారు. వీళ్ళు అడిగి వేయించుకుంటున్నారు. అమలమ్మకి అది ఇంకా భయంగా ఉంది.

పన్నెండుంబావుకి గంగాప్రసాద్ విస్తరితో డాబా మీదకొచ్చాడు. వెనక ఛాయాదేవి, ఆ వెనక తిరుమల. తిరుమల వస్తూనే నీడ చూసుకుని గోడకి ఆనుకుంది. ఆకాశానికి చెప్పాల్సిన మాటలు ముందే నోట్లో సర్దుకున్నట్టుంది.

గంగాప్రసాద్ విస్తరి పిట్టగోడ మీద పెట్టాడు. ‘కా కా’ అని పిలవడానికి నోరు తెరిచాడు. పిలవలేదు. పిలవాల్సిన అవసరం రాలేదు.

రైలుకట్ట వైపు నుంచి ఒకటి, ఎదురింటి కొబ్బరిచెట్టు మీంచి రెండు, ఎక్కణ్ణుంచో తెలీకుండా పది. గంగాప్రసాద్ చెయ్యి వెనక్కి తీసుకునేలోగా విస్తరి నల్లబడిపోయింది. అన్నం ముట్టలేదు. పరమాన్నం వైపు చూడలేదు. గారెల మీద పడ్డాయి. ఒక గారె కోసం మూడు కాకులు కొట్టుకున్నాయి. ఒకటి గారె ముక్క పట్టుకుని ఎగిరితే నాలుగు దాన్ని తరిమాయి. ఒకటి తిరుమల తల మీంచి రెక్క విసిరి మరీ పోయింది. కన్నుమూసి తెరిచేలోగా గారెలు లేవు. కాకులు విస్తరిని కాళ్ళతో తిరగేసి అడుగు కూడా చూశాయి.

“నాన్నా!” అని గంగాప్రసాద్ ఏడ్చేశాడు. “తొమ్మిదేళ్ళకి కరుణించావా నాన్నా!”

తిరుమల నోట్లో సర్దుకున్న మాటలు వెనక్కి మింగింది. ఛాయాదేవి మాత్రం ఏడవలేదు, నవ్వలేదు. పెళ్ళయ్యాక మొదటిసారి మెట్టినింటి డాబా మీద తలెత్తుకుని నిలబడ్డ మనిషిలా నిలబడింది. కిటికీ వెనక అమలమ్మ మాత్రం రెక్క దగ్గరికి లాగేసుకుంది. ఇన్ని కాకులెందుకొచ్చాయో ప్రపంచంలో ఆమెకొక్కదానికే తెలుసు. పెద్దాయనకి కూడా తెలియదేమో.

మధ్యాహ్నం మూడైంది, నాలుగైంది. కింద నవ్వులు, పిల్లల అరుపులు, గిన్నెల చప్పుడు. మిషను రాలేదు. ‘తెలియలేదు, తెలిస్తే ఈపాటికి వచ్చేది’ అనుకుంది ఒక గంట. ‘తెలిసింది, అందుకే రాలేదు’ అనుకుంది ఇంకో గంట. ఆరింటికి బాలశౌరి తేలు కుట్టిన దొంగలా మెట్లెక్కి వచ్చాడు. చెప్పడానికి మూడు అబద్ధాలు బస్సులోనే తయారుచేసుకొచ్చాడు. ఒకటి, అది ఇంగువ వాసన. రెండు, కొత్త రబ్బరు వాసనే అంత. మూడు, షాపువాడు ఎవరో వాడిందే మనకి అంటగట్టాడు.

“మూడోది బాగుంది,” అన్నాడు.

అదే టైముకి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. బాలశౌరి తువ్వాలు భుజానేసుకుని స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. మూడు అబద్ధాలూ ఆయనతో పాటే లోపలికెళ్ళాయి.

ఛాయాదేవి మిషను తెచ్చి బల్ల మీద పెట్టింది. జెస్సికా పుస్తకాల్లోంచి తలెత్తి, తల్లి మొహం చూసి, కుర్చీ ఛాయాదేవి వైపు జరిపి నిలబడింది. ఛాయాదేవి కూర్చుంది. ఆ ఇంట్లో ఆమె కూర్చోవడం అదే మొదలు.

“మూత కడిగి పెరట్లో ఆరబెట్టాను,” అంది. “వచ్చి చూస్తే పక్కింటి పిల్లి దాన్ని ముందుకాళ్ళతో పట్టుకుని నాకుతోంది. ఎంత అదిలించినా వదల్లేదండీ. మినప్పిండికి పిల్లెందుకొస్తుందా అని మూత తిప్పి చూశాను.”

మూత చేతిలోకి తీసుకుని గోటితో రింగు లాగింది. అది ఊడి బల్ల మీద పడింది. ఇంకే మాటా అక్కర్లేకుండా అది తన సంగతి తనే చెప్పుకుంది. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఆగింది.

“ఇది దేని వాసనండీ?”

ఇంగువ. రబ్బరు. షాపువాడు. మూడూ అమలమ్మ నాలుక చివరిదాకా వచ్చాయి. ఏడిళ్ళు గుర్తొచ్చాయి, ఏడుగురు తమ్ముళ్ళు గుర్తొచ్చారు. పక్కనే నిలబడి తన నోటి వంకే చూస్తున్న కూతురు కూడా కనపడింది. ఎనిమిది నెలల్నించి సీసా మీద అబద్ధం రాయించింది ఈ పిల్ల చేతే కదా అనిపించింది.

“రొయ్యపొట్టండీ,” అంది. “మీరు ఇల్లిచ్చిన్నాటి నుంచీ. మేం ఏమీ మానలేదండీ, ఆయన ఊరికే అన్నాడు. నిన్న నాలుగుసార్లు కడిగాను. రింగు ఊడుద్దని తెలీదు. పొద్దున్న తెలిసి చెప్దామని దిగొచ్చాను. మీరు మడన్నారు. మీ పెద్దాయన తద్దినం చెడగొట్టాను, నాకు మీరేం శిక్ష వేసినా తప్పులేదు. కానీ పిల్లకి మార్చిలో పరీక్షలండీ. ఎప్పటికి ఖాళీ చెయ్యమంటారు?”

ఛాయాదేవి రింగు వైపు చూసింది. సీసా మీద జెస్సికా గుండ్రటి అక్షరాల్లో ఉన్న ‘కందిపొడి’ వైపు చూసింది. తన చేతి వైపు చూసుకుంది. అమలమ్మ బల్ల అంచు పట్టుకుంది.

కింద హాల్లో తిరుమల ఫోనులో మాట్లాడుతోంది. ఊరూరికీ చేస్తున్నట్టుంది, వినపడదేమోనని ప్రతి ఊరికీ ఇంకొంచెం గట్టిగా అరుస్తోంది. “పెట్టీ పెట్టకముందే పిన్నీ! పదీ పదిహేను కాకులు! గారెలు ఒక్కటి వదల్లేదు. ఆఁ, మా వదినే. ఏంటో అనుకున్నాం గానీ, మా వదిన చేతిలో ఉంది పిన్నీ మహత్యం. మీ ఇంట్లో తద్దినానికి కూడా పంపుతాలే!”

ఛాయాదేవి ఆ మాటలు చివరిదాకా విన్నది. ఫోను పెట్టేసిన చప్పుడు కూడా విన్నది. అప్పుడు లేచి, రింగుని రెండు వేళ్ళతో ఎత్తి, మూత గాడిలో పెట్టి, చుట్టూ బొటనవేలితో నొక్కింది.

“మీరు ఖాళీ చేస్తే మహాలయ పక్షాలకి నేనెవర్ని అడగను అమలగారూ?” అంది. “ఈలోపు దీన్ని మాత్రం కడగమాకండి.”